ఖాళీ గడి

"నేను అందులో ఏమీ రాయలేదండీ. ఖాళీగానే వదిలాను," అని అడ్మిషన్ల అక్క నాలుగోసారి చెప్పింది.

నాలుగుసార్లూ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పింది. అక్కడే చెడింది. కాస్త ఏడ్చి, కాస్త తడబడి, "ఏమోనండీ, ఆ హడావిడిలో..." అని నీళ్ళు నమిలి ఉంటే ఎదురుగా కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులకీ జాలి వేసేదేమో. నిటారుగా కూర్చుని, కళ్ళజోడు పైకి తోసుకుని, ఉన్నమాట ఉన్నట్టు చెప్పే మనిషిని చూస్తే ఎవరికి జాలి వేస్తుంది? ఒళ్ళు మండుతుంది.

ఆ ముగ్గురిలో మధ్యన కూర్చున్నది ఆసుపత్రి సూపరింటెండెంటు. ఆయనకి ఒకవైపు సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి, ఇంకోవైపు కంప్యూటర్ విభాగం హెడ్డు. గోడవారగా, చేతిలో ఒక కాగితం పట్టుకుని నిలబడ్డది ఆ హెడ్డు కింద పనిచేసే ప్రోగ్రామరు. ఆసుపత్రిలో అందరూ ఆమెని చాదస్తం అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, ఆమె కూడా పలుకుతోంది. రాసిన ప్రోగ్రాము పనిచేస్తే చాలని ఊరుకోదు, ఎప్పుడు పనిచేయకుండా పోతుందో కూడా తేల్చాలంటుంది. అలాంటి మనిషికి ఇంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు?

జరిగింది ఇది. శనివారం మధ్యాహ్నం లారీ గుద్దిన ఒకావిణ్ణి స్పృహ లేకుండా తీసుకొచ్చారు. వెంట తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. కిటికీ దగ్గర అక్క తనకి తెలిసినంతవరకూ నింపింది. లోపల డాక్టరు స్క్రీన్ మీద చూశాడు. 'పడని మందులు: నిల్' అని ఉంది, అంటే పడనివేవీ లేవని. ఇంజెక్షన్ ఇచ్చారు. పది నిమిషాల్లో ఆవిడ మొహం ఉబ్బిపోయింది, గొంతు మూసుకుపోయింది. సాయంత్రం భర్త పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ మందు తన భార్యకి ప్రాణాంతకమని ఎప్పటిదో చీటీ తీసి చూపించాడు. ఇప్పుడు సోమవారం. ఆవిడ ఇంకా ఊపిరి యంత్రం మీదే ఉంది.

"కాగితం తెచ్చావామ్మా?" అన్నాడు సూపరింటెండెంటు.

చాదస్తం ముందుకొచ్చి ప్రింటు బల్ల మీద పెట్టింది. హెడ్డు ఆ వరుస మీద వేలు పెట్టి అక్క వైపు తిప్పాడు. "చూడండి. నిల్ అని లేదూ?"

అక్క వంగి చూసింది. "ఉంది. కానీ అది నేను రాసింది కాదు."

"మరి మెషీన్ దానంతట అదే రాసుకుందా?" అంటూ హెడ్డు నవ్వి, చాదస్తం వైపు చూశాడు. "నువ్వు చెప్పమ్మా."

"సిస్టంలో ఏముంటే ప్రింటులో అదే వస్తుంది సార్," అంది చాదస్తం.

అక్క తలతిప్పి ఆమెని ఒక్కసారి చూసింది. పావుగంట తర్వాత, విచారణ పూర్తయ్యేవరకూ విధుల్లోకి రావద్దని రాసిన కాగితం మీద సంతకం పెట్టి, కిటికీ తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె నడుముకి వేలాడిన తాళంచెవి అది. సిబ్బంది అధికారి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి సొరుగులో వేశాడు.

చాదస్తం అబద్ధం చెప్పలేదు. తను నమ్మినదే చెప్పింది. కాకపోతే, రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా దేన్నీ నమ్మకుండా తరచి తరచి చూడడమే పనిగా పెట్టుకున్న మనిషి, ఆ ఒక్కటీ తరచి చూడలేదు.

మంగళవారం ఆమె తన పనిలో పడింది. ఐదు నెలలుగా అదే పని. ఆసుపత్రి ప్రోగ్రాము, వివరాలన్నీ దాచి ఉండే డేటాబేసుని రకరకాల ప్రశ్నలు అడుగుతుంది. ఈ మంచం మీద ఎవరున్నారు, ఈ మనిషి రక్తం ఏ గ్రూపు అని. వాటిని క్వెరీలంటారు. మొత్తం మూడువందల పన్నెండు. పాత పద్ధతిలో ప్రతి క్వెరీనీ కొటేషన్ గుర్తుల మధ్య ఉత్త అక్షరాలుగా రాసేవాళ్ళు. ప్రోగ్రాముని తప్పులు పట్టి చూసే కంపైలరు ఆ గుర్తుల లోపలికి తొంగిచూడదు, పోస్టుమాను కవరు విప్పి చదవనట్టే. లోపల ఏం రాసినా, జవాబుగా ఏం వచ్చినా, దానికి పట్టదు. తప్పు ఉంటే రోగి ముందు బయటపడాల్సిందే.

చాదస్తం ఆ కవర్లన్నీ విప్పుతోంది. ఇది రోగి నంబరు, ఇది మంచం నంబరు, రెండూ అంకెలే అయినా ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు అని ముందే ప్రకటిస్తోంది. ఈ గడి తప్పకుండా నిండి ఉంటుంది, ఈ గడి ఖాళీగా ఉండొచ్చు అని ఒక్కొక్క దానికీ రకం కడుతోంది. ఆ తర్వాత తప్పుగా వాడితే ప్రోగ్రాము తయారే కాదు. కంపైలరు అక్కడే అడ్డంగా పడుకుంటుంది.

"మీ అత్తగారు ఇవాళ ఎన్ని వంకలు పెట్టింది?" అని పక్క కుర్చీలోంచి అడిగాడు సర్దుబాటు. ఏ తప్పు కనబడినా 'సర్దేద్దాం లెండి' అంటాడు కనక అతనికి ఆ పేరు. కంపైలరుకి అత్తగారని పేరు పెట్టింది అతనే.

"నలభై ఒకటి."

"నలభై ఒకటే! కాపురం చేసినట్టే. ఏం చేసినా గడప దాటనివ్వదు కదా మహాతల్లి."

"గడప దాటాక తిట్టించుకోవడం కంటే నయం."

"సిబ్బంది ఆఫీసు క్వెరీలు కూడా ఉన్నాయా ఆ లిస్టులో?"

"చివర్న ఉన్నాయి. అవి ఎవరి ప్రాణం మీదకీ వచ్చేవి కావుగా. ముందు రోగులవి చేస్తున్నా."

బుధవారం పొద్దున అడ్మిషన్ల పట్టిక వంతు వచ్చింది. అందులో ఇరవై ఆరు గడులు. ఆమె ఒక్కొక్కటీ చూస్తూ రకాలు రాసుకుంటూ పోయింది. పేరు ఖాళీగా ఉండొచ్చు. వయసు ఖాళీగా ఉండొచ్చు. చేర్చుకున్న సమయం ఖాళీగా ఉండడానికి వీల్లేదు. 'పడని మందులు' దగ్గర వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఖాళీగా ఉండొచ్చు అని రాసింది. కంపైలరుని నడిపించింది.

అత్తగారు అడ్డం పడింది. ఈ గడి ఖాళీగా ఉండొచ్చని నువ్వే అన్నావు, మరి ఫలానా ఫైలులో ఫలానా లైనులో దాన్ని ఎప్పుడూ నిండి ఉన్నట్టు వాడుతున్నావేమిటి అని దాని ప్రశ్న.

ఆ లైను తెరిచింది. అన్ని స్క్రీన్లకీ, అన్ని ప్రింట్లకీ కలిపి వాడే చిన్న ముక్క అది. మూడే లైన్లు. వచ్చిన జవాబులో ఏదైనా ఖాళీగా ఉంటే, ఆ చోట 'నిల్' అని చూపించు. అంతే.

ఆమె ఆ మూడు లైన్లూ మళ్ళీ చదివింది.

డేటాబేసులోకి నేరుగా వెళ్ళి, శనివారం మధ్యాహ్నం రెండూ పదిహేడుకి చేరిన వరుసని తీయించింది. ప్రోగ్రాము మొహం కడిగి పౌడరు రాయకముందు ఉండే అసలు వరుస. పేరు లేదు. వయసు లేదు. పడని మందుల గడిలో ఏమీ లేదు. నిల్ లేదు, చుక్క లేదు, గీత లేదు. అక్క నాలుగుసార్లు చెప్పినట్టే ఉంది. ఇది చూడడానికి ఆమెకి పట్టింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఆదివారమూ ఉన్నాయి, సోమవారమూ ఉన్నాయి.

ఇంక మిగిలింది ఒక్కటే. ఆ మూడు లైన్లూ ఎవరు రాశారో ప్రోగ్రాము మార్పుల చిట్టా తిరగేసి చూసింది. ఏ లైను ఎవరు, ఏ రోజు, ఎందుకు రాశారో అన్నీ అందులో ఉంటాయి. సర్దుబాటు రాసి ఉంటాడని ఆమె మనసులో ఒక ఆశ. సిగ్గులేని ఆశే, కానీ కలిగింది. తీరా చూస్తే తన పేరే. ఏడేళ్ళ నాటి తేదీ. పక్కన తను రాసుకున్న కారణం: 'స్క్రీన్ నిండా ఖాళీ గళ్ళు చూడ్డానికి బాగోలేవని హెడ్డు గారన్నారు. నింపాను.'

ఆమె లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. వచ్చేసరికి స్క్రీన్ మీద ఆ పేరు అలాగే ఉంది.

హెడ్డు అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంత మర్యాదగా ఆయన ఎవరి మాటా విని ఎరగడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"మంచిపని చేశావు. సాయంత్రానికల్లా సరిచేసెయ్. మార్పుల చిట్టాలో 'స్క్రీన్ మెరుగుపరిచాం' అని రాయి."

"అక్క సంగతి సార్?"

"ఆవిడ సంగతేముంది? ఆవిడ కూడా ఖాళీగా వదిలిందిగా! అది మాత్రం తప్పు కాదా?"

"స్పృహలో లేని మనిషిని ఏమని అడుగుతుంది సార్?"

హెడ్డు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఆ లైను రాసింది నువ్వు. నేను కాదు. ఐసీయూలో ఉన్నావిడ మొగుడు పోలీసు స్టేషనుకి వెళ్ళొచ్చాడు. ఇప్పుడు నీ పేరు నువ్వే బయటపెట్టుకుంటావా? ఆ అడ్మిషన్ల ఆవిడకి పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఉంది, ఏదో ఒకటి చేసుకుంటుంది. నీ మంచికే చెప్తున్నా."

ఆమె సాయంత్రానికల్లా రోగుల స్క్రీన్ల వరకూ సరిచేసింది. ఇకమీదట డాక్టరు స్క్రీన్ మీద ఆ గడి ఖాళీగా ఉంటే ఎర్రటి అక్షరాల్లో 'అడగలేదు, తెలియదు' అని కనిపిస్తుంది. మార్పుల చిట్టాలో హెడ్డు చెప్పినట్టే 'స్క్రీన్ మెరుగుపరిచాం' అని రాసింది. ఆ రాత రాస్తున్నప్పుడు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. వేసినా రాసింది.

గురువారం మధ్యాహ్నం అరపూట సెలవు పెట్టి అక్క ఇంటికి వెళ్ళింది. రెండో అంతస్తులో రెండు గదులు. అక్క నేల మీద కూర్చుని దుప్పటి అంచు కుడుతోంది. లేవలేదు. కుర్చీ వైపు గడ్డంతో చూపించింది.

"ఆవిడకెలా ఉంది?" అని అడిగింది, పలకరింపులేవీ లేకుండా.

"పొద్దున గొట్టం తీసేశారక్కా. సొంతంగా ఊపిరి పీలుస్తోంది."

"హమ్మయ్య," అంది అక్క. సూది ఒక్కసారి ఆగి, మళ్ళీ నడిచింది.

చాదస్తం చెప్పింది. దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా మరిచిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పింది. మూడు లైన్లు, ఏడేళ్ళు, తన పేరు. చెప్పి, "నువ్వు చెప్పింది నిజమేనక్కా," అని ముగించింది.

"ఓహో! నిజమేనా? నాకు తెలీక ఇన్ని రోజులూ బెంగపెట్టుకున్నానమ్మా. వచ్చి చెప్పావు, బతికించావు."

చాదస్తం తలవంచుకుంది.

"ఆ గడి ఖాళీగా వదిలే వీలు పెట్టమని నిన్ను అడిగింది ఎవరు?" అంది అక్క. "నేనే కదుటే. నువ్వు కొత్తగా వచ్చి నా కిటికీ పక్కన స్టూలేసుకుని కూర్చునేదానివి. స్పృహ లేనివాళ్ళొస్తే నేనేం రాయను అమ్మాయ్, తప్పు రాయడం కంటే రాయకపోవడం మేలు అన్నాను. సరే అక్కా అని పెట్టావు. నువ్వు పెట్టావు కాబట్టే కదా నేను నమ్మి వదిలాను."

"గుర్తుంది."

"సోమవారం గుర్తు రాలేదేం?"

అక్క దుప్పటిని ఇంకో అంచు వైపు తిప్పుకుంది.

"మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఒక మనిషిని చంపబోయావటగా వదినా, అంది. ఆ ముగ్గురూ నన్ను నమ్మలేదంటే నాకు బాధ లేదు. వాళ్ళు నన్ను ఎరగరు. నా మొహం కూడా వాళ్ళు సరిగ్గా చూసి ఉండరు. నువ్వు నన్ను ఒక్కమాట, నిజంగా ఖాళీగా వదిలావా అక్కా అని అడిగుంటే..." దారం పళ్ళతో తెంపింది. "పోనీలే. ఈ చెప్పిందంతా కాగితం మీద రాసిస్తావా?"

"హెడ్డు ఒప్పుకోడక్కా. నేను... ఆలోచించుకుని..."

"ఆలోచించుకో," అంది అక్క, సూదిలో కొత్త దారం ఎక్కిస్తూ. "నేను ఖాళీగానేగా ఉన్నాను."

శుక్రవారం పదకొండింటికి మళ్ళీ అదే గది. అక్కని పిలవలేదు. విచారణ నివేదిక మీద సాంకేతిక సాక్షిగా సంతకం పెట్టడానికి చాదస్తాన్ని పిలిచారు. సోమవారం నిలబడ్డ గోడవార కాదు, ఇవాళ కుర్చీ వేశారు. అక్క కూర్చున్న కుర్చీ.

నివేదిక నాలుగు పేజీలు. సిబ్బంది అధికారి తన గదిలో ఆసుపత్రి ప్రోగ్రాములోనే నింపి ప్రింటు తీశాడు. సూపరింటెండెంటు పేజీలు తిప్పుతూ మూడో పేజీ దగ్గర ఆగాడు. మొహం చిట్లించాడు.

"ఇదేంటయ్యా? 'ఉద్యోగిని వివరణ: నిల్' అని రాశావు? ఆవిడ నాలుగుసార్లు మొత్తుకుంది కదా. రేపు కోర్టుకెళ్తే మన మెడకి చుట్టుకోదూ?"

సిబ్బంది అధికారి కాగితం లాక్కుని చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు.

"నేను అందులో ఏమీ రాయలేదండీ! ఖాళీగానే వదిలాను. తర్వాత చూసి రాద్దామని."

"మరి ఇదెలా వచ్చింది?"

"ఏమోనండీ, నాకేం తెలుసు? నేను మాత్రం రాయలేదు."

"అవునవును," అన్నాడు హెడ్డు, గబగబా. "అది సిస్టం పొరపాటు. ఖాళీ కనబడితే ఒక్కోసారి అలా నింపేస్తుంది. ఆయన తప్పేం లేదు."

"సరే, సరిచేయించు," అన్నాడు సూపరింటెండెంటు. పేజీ తిప్పేశాడు.

అర నిమిషం కూడా పట్టలేదు. ఒక్కసారి చెప్పాడు, మిగతా ఇద్దరూ నమ్మేశారు. ప్రింటు తెమ్మని ఎవరూ అనలేదు. మెషీన్ దానంతట అదే రాసుకుందా అని ఎవరూ నవ్వలేదు. చాదస్తం కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుంది. లిస్టులో చివర్న పెట్టిన సిబ్బంది ఆఫీసు క్వెరీలు, ఎవరి ప్రాణం మీదకీ రావని తను అనుకున్నవి, ఇంకా పాత మూడు లైన్లతోనే నడుస్తున్నాయి. ఆ సంగతి ఈ గదిలో ఆమెకీ హెడ్డుకీ తప్ప ఎవరికీ తెలియదు.

"సార్," అంది. "ఈ మాటే సోమవారం అక్క కూడా చెప్పింది."

సూపరింటెండెంటు తల ఎత్తాడు.

"అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పింది. నేను ఏమీ రాయలేదండీ, ఖాళీగానే వదిలాను అని. అక్కడ నిల్ అని నింపిందీ, ఇక్కడ నింపిందీ ఒకటే ముక్క. అది రాసింది నేను. బుధవారం కనిపెట్టాను. డేటాబేసులో అక్క గడి ఖాళీగానే ఉంది."

"బుధవారమా?" అన్నాడు సూపరింటెండెంటు. "మరి ఇప్పుడా చెప్పడం?"

"బుధవారమే చెప్పాను సార్. హెడ్డు గారికి."

హెడ్డు బల్ల మీదున్న పెన్ను మూత తీశాడు, పెట్టాడు. సూపరింటెండెంటు ఆయన వైపు కాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. చిక్కుముడి ఎవరో విప్పుతారని ఆశపడి, అది తన ఒళ్ళోనే పడ్డ మనిషి మొహంలా ఉంది ఆయన మొహం.

"సరే. ఇప్పుడు దీన్ని పెద్దది చేయొద్దు. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీయం. రికార్డు గదికి మారుద్దాం. పొరపాటు జరిగింది, మానవతా దృష్టితో క్షమించాం అని రాద్దాం. ఆవిడకీ నష్టం లేదు, మనకీ పరువు దక్కుతుంది. ఏమంటారు?"

"భేషుగ్గా ఉంది సార్," అన్నాడు సిబ్బంది అధికారి.

చేయని తప్పుకి క్షమాభిక్ష పెట్టేస్తున్నారు మహానుభావులు! చాదస్తం బల్ల మీదున్న తెల్లకాగితాల కట్టలోంచి రెండు లాక్కుంది. బ్యాగులోంచి పెన్ను తీసి అక్కడే రాయడం మొదలుపెట్టింది. అడ్మిషన్ల గుమస్తా ఆ గడిని ఖాళీగా వదిలింది. అలా వదలడం నిబంధన. దాన్ని నిల్ అని చూపించింది నేను రాసిన ప్రోగ్రాము. సోమవారం డేటాబేసు చూడకుండా సాక్ష్యం చెప్పింది కూడా నేనే. కింద పేరు రాసి సంతకం పెట్టింది. రెండో కాగితం మీద మళ్ళీ అదంతా మొదటినుంచీ రాసింది.

"నీ చాదస్తం నీ కొంప ముంచుతుంది," అన్నాడు హెడ్డు.

"ముంచనివ్వండి సార్," అని ఒక కాగితం నివేదిక మీద పెట్టింది. రెండోది మడిచి బ్యాగులో పెట్టుకుంది. నివేదిక మీద సంతకం పెట్టలేదు.

ఆమె తిరిగి సీటు దగ్గరికి వచ్చేసరికి లాగిన్ పనిచేయలేదు. సర్దుబాటు ఆమె మొహంలోకి చూసి, జీవితంలో మొదటిసారి 'సర్దేద్దాం లెండి' అనలేదు. ఆమె తన నీళ్ళ సీసా, కళ్ళజోడు డబ్బా తీసుకుని బయటికి వచ్చింది.

సాయంత్రం అక్క తలుపు తీసింది కానీ గుమ్మంలోంచి పక్కకి జరగలేదు. చాదస్తం కాగితం ఇచ్చింది. అక్క అక్కడే నిలబడి చదివింది. పై నుంచి కింద దాకా ఒకసారి, మళ్ళీ వేలు పెట్టుకుని వరుస వరుసా ఒకసారి. కిటికీ దగ్గర పంతొమ్మిదేళ్ళు కాగితాలు చదివిన పద్ధతి అది.

"ఆ ఉద్యోగం ఉందా నీకు?" అంది.

"తెలీదక్కా."

అక్క లోపలికి రమ్మనలేదు. కాగితం గోడకి ఆనించి, సంతకం పక్కన వేలితో తట్టింది.

"తేదీ వెయ్యలేదు."

లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"వెయ్యి అమ్మాయ్. ఖాళీగా వదిలితే వాళ్ళకి తోచింది నింపుకుంటారు."